ధాన్యం లేని బస్తా

సెప్టెంబరులో, సరిగ్గా తెల్ల ట్రఫుల్ వేట మొదలయ్యే వారంలో, లీవియో కుక్క బిబా గోక్కోవడం మొదలుపెట్టింది. ముందు చెవులు, తర్వాత చంకలు, ఆ తర్వాత కాలి వేళ్ల సందులు. వంటింటి చెక్క నేల మీద దాని వెనక కాలు టకటకా కొట్టుకుంటుంటే కింద వైన్ పీపాలుండే గదిలోకి కూడా వినిపించేది.

మామూలు కుక్క గోక్కుంటే లోకానికి వచ్చే నష్టం ఏమీ లేదు. కానీ బుజెత్ చుట్టుపక్కల కొండ ఊళ్లలో కుక్కంటే ముక్కు. ట్రఫుల్ అనే పుట్టగొడుగు ఓక్ చెట్ల వేళ్ల దగ్గర, జానెడు మట్టి కింద, ఎవరికో బాకీ ఉన్నట్టు దాక్కుని పెరుగుతుంది. మనిషి సరిగ్గా దాని మీదే కూర్చుని భోంచేసి లేచినా అది అక్కడుందని తెలియదు. కుక్కకి తెలుస్తుంది. నల్లటి ఉంగరాల జుట్టు బిబాకి మిగతా కుక్కలకంటే ఇంకాస్త ముందే తెలుస్తుంది. ఎంత గాలివానలోనైనా వాసన పట్టుకుందంటే దాని మొదలు దాకా పోయి ఆగేది. అలాంటిది ఈ ఏడు వాసన వెంట సగం దూరం పోయి, ఉన్నట్టుండి కూలబడి కాలు కొరుక్కుంటోంది. కొరుక్కుని లేచేసరికి వాసన గాలికి పోయేది. అప్పుడది తన వల్ల ఏదో తప్పు జరిగినట్టు లీవియో మొహంలోకి చూసేది. ఆ చూపుని లీవియో భరించలేకపోయేవాడు.

పశువుల డాక్టరు వేద్రానా తూర్పు మైదానాల నుంచి వచ్చిన పిల్ల. ఈ కొండల్లో ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. బిబా చెవులు తిప్పి చూసి, చర్మం కాస్త గీకి పరీక్ష చేసి, పేలు లేవు, గజ్జి లేదు అని తేల్చింది.

“ఏం పెడుతున్నారు దీనికి?”

“మేం తినేదే అమ్మా. పాస్తా మిగిలితే పాస్తా, మొక్కజొన్న సంకటి మిగిలితే సంకటి. బస్తాలో డ్రై ఫుడ్ కూడా పెడతా. చవకది. అందులోనూ మొక్కజొన్నే.”

“తిండి పడక దురద వస్తోందేమోనని నా అనుమానం, లీవియోగారూ. గోధుమ కావచ్చు, మొక్కజొన్న కావచ్చు. ఒట్టేసి చెప్పలేను, మానిపించి చూస్తేనే తెలుస్తుంది. రెండు నెలలపాటు ధాన్యమన్నది దాని నోట్లోకి పోకూడదు. ధాన్యం లేని డ్రై ఫుడ్ అని అమ్ముతారు, ఒక బస్తా కొనండి. అదీ, మంచినీళ్లూ. ఇంకేమీ వద్దు.”

“అప్పటికీ తగ్గకపోతే?”

“ఇంజెక్షన్లు మొదలుపెడదాం. దురద చప్పున తగ్గుతుంది.” వేద్రానా కాస్త తటపటాయించింది. “కానీ ఆ మందుతో కొన్ని కుక్కలకి వాసన పట్టడం తగ్గిందని వేటగాళ్లు చెబుతుంటారు. అందరికీ కాదనుకోండి. బిబా ముక్కుకి మాత్రం నేను పూచీ పడలేను.”

లీవియో వంగి బిబా మెడపట్టీ గట్టిగా పట్టుకున్నాడు. బిబా ముక్కు పోతే బిబా ఏమవుతుంది? పెరట్లో బాతుల మధ్య పడుకుని, తను లేకుండా అడవికి పోయే బండిని చూస్తూ ఉండిపోవాలి. తనేమవుతాడన్నది ఆలోచించడానికి కూడా అతనికి ధైర్యం చాల్లేదు.

బస్తా కొనడానికి బుజెత్‌లో దుకాణం ఉంది, నడిచిపోయేంత దూరంలో. కానీ ట్రఫుల్ వేటగాడి ఇంటికి తాళం లేకపోయినా నోటికి తాళం ఉంటుంది. ఏ దారిన పోతాడో చెప్పడు, ఏ చెట్టు దగ్గర ఆగుతాడో చెప్పడు, కుక్కకి ఏం పెడతాడో అసలే చెప్పడు. బుజెత్‌లో కొంటే సాయంత్రానికల్లా జ్వానేకి తెలిసిపోతుంది. జ్వానే అంటే లీవియో భార్యకి స్వయానా తమ్ముడు. తనూ వేటగాడే. బావకి ట్రఫుల్స్ దొరికే చెట్టు ఎక్కడుందో కనిపెట్టాలని పదిహేనేళ్లుగా చెయ్యని ప్రయత్నం లేదు. ఒకసారి కొత్త చెప్పులిచ్చి, వాటి అడుగున ఉన్న పువ్వుల గుర్తులు పట్టుకుని అడవంతా తిరిగాడు. అందుకని లీవియో బండేసుకుని పాజిన్ అనే దూరపు ఊరి దాకా పోయాడు.

పాజిన్ దుకాణంలో లొరెదానా అనే ఆవిడ ఉంటుంది. గోడ పొడుగునా పేర్చిన బస్తాలు చూసి లీవియో గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇవన్నీ కుక్కలకేనా?”

“కుక్కలకే అన్నయ్యా. ధాన్యం లేనివైతే ఈ రెండు వరసలు. ఇదిగో, ఇది సాల్మన్ చేప. అందరూ ఇదే పట్టుకుపోతారు. వెంట్రుకలు నిగనిగలాడతాయి.”

లీవియో బస్తా మూతి దగ్గర ముక్కు పెట్టాడు. ట్రఫుల్ కొనేవాళ్లు కాయని పట్టుకుని వాసన చూసినట్టే, కళ్లు మూసుకుని రెండుసార్లు పీల్చాడు. “అబ్బే. ఇది తిన్న మూతితో అది అడవికొస్తే వారం దాకా చేపల సంతలో తిరిగినట్టే ఉంటుంది దానికి.”

“సరే, బాతు మాంసం?”

“మా ఆవిడ బాతులు పెంచుతుంది. రుచి చూపించామంటే ఇక అయిపోయిందే.”

“జింక మాంసం ఉంది. చాలా మంచిది, ఖరీదు కూడానూ.”

“తల్లీ, ట్రఫుల్ వెతకమని అడవిలో వదిలితే జింక వెంట పడి స్లొవేనియా చేరుతుంది.”

లొరెదానా నడుం మీద చేతులు పెట్టుకుంది. “అయితే మీ కుక్క ఏ జంతువుని ఎప్పుడూ చూడలేదో అది చెప్పండి. అదే ఇస్తా.”

లీవియో నిజంగానే ఆలోచించాడు. గొర్రెలు పై కొండల్లో ఉంటాయి, ఓక్ అడవిలోకి రావు. గొర్రె మాంసం బస్తా దించమన్నాడు. కళ్లజోడు పెట్టుకుని వెనకవైపున్న చిన్న అక్షరాలు చదవసాగాడు. ముందు వైపు పెద్దగా ‘ధాన్యం లేదు’ అని రాసినవాటిలో రెండు బస్తాలు బఠాణీలతో, శనగలతో నిండి ఉన్నాయి.

“పప్పులు పెడతారా కుక్కకి? ఇది కుక్కా, లెంట్ ఉపవాసాల్లో ఉన్న సన్యాసా?”

“ఏదో ఒకటి కలపకపోతే ముక్క నిలబడదు కదన్నయ్యా. ఇంకోటుంది, గొర్రె మాంసం, బంగాళదుంప. బఠాణీ లేదు, శనగ లేదు.”

అది నచ్చింది. ఒక పలుకు నోట్లో వేసుకుని నమిలాడు కూడా. లొరెదానా చూసీ చూడనట్టు ఊరుకుంది. బండెక్కిస్తూ అడిగింది, “మీదే ఊరన్నయ్యా?”

“అటువైపు,” అన్నాడు లీవియో.

ఇంటికొచ్చి చేసిన మొదటి పని కొత్త పలుకుల్ని పాత చవక బస్తాలోకి ఒంపేసి, కొత్త బస్తాని పొయ్యిలో పెట్టడం. అతని భార్య ఓందీనా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏమయ్యా, బంగారం ఏమైనా దొంగిలించుకొచ్చావా?”

“మీ తమ్ముడి కంట పడకూడదు. నువ్వు వాడితో అనకు.”

“నేనెందుకంటాను?” అంది ఓందీనా, ఎంతో నొచ్చుకున్నట్టు.

ఓందీనా మంచి మనిషి. నవ్వితే ఊరికి ఆ చివర దాకా వినిపిస్తుంది. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున రొట్టెల కొట్టులో విన్నది మధ్యాహ్నానికి చర్చి మెట్ల మీద పంచేసి వస్తుంది. తమ్ముడంటే ప్రాణం, వాడికి రోజూ ఫోను చెయ్యకపోతే అన్నం సహించదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి మొగుణ్ణి అడిగింది, ఎక్కడికి పోతావు అని. అటువైపు, అన్నాడు. ముప్ఫై ఏళ్లు దాటాయి. ఆ అటువైపు ఏవైపో ఆవిడకి ఈనాటికీ తెలియదు. మనసులో బాధ ఉన్నా ఆవిడ పైకి వేళాకోళమే చేసేది.

జ్వానే మర్నాడే వచ్చాడు. బిబా గిన్నెలోకి చూశాడు, పెరటి గదిలో బస్తా వైపు చూశాడు. “ఏం బావా, ఇంకా ఆ మొక్కజొన్న చెత్తే పెడుతున్నావా? పిసినారితనానికీ హద్దుండాలి,” అని నవ్వి పోయాడు. లీవియోకి ఆ నవ్వు చెవులకి ఇంపుగా వినిపించింది.

బిబాకి తిండి నచ్చింది. గిన్నె నాకి నాకి మెరిపించేది. ఓందీనా కూడా మాట మీద నిలబడింది. పాస్తా ముక్క కింద పడితే కుక్క కంటే ముందు తనే వంగి తీసేది. కానీ వారం గడిచింది, రెండు గడిచాయి, నెల కావచ్చింది. దురద తగ్గలేదు సరికదా, అడవికి వెళ్లిన రోజుల్లో ఇంకా ఎక్కువైంది. చంకల్లో వెంట్రుకలు ఊడిపోయి గులాబీ రంగు చర్మం బయటపడింది. అక్టోబరు వచ్చేసింది. మిగతా వేటగాళ్లు సాయంత్రం బార్‌లో నిండు జేబులు తడుముకుంటూ నవ్వుకుంటుంటే లీవియో ఇంటిపట్టునే ఉంటున్నాడు.

వేద్రానా ఈసారి మొగుడూ పెళ్లాలిద్దర్నీ కూర్చోబెట్టి పోలీసులా అడిగింది.

“నిజం చెప్పండి. బిస్కెట్లు?”

“లేవు.”

“మీ పళ్లెంలోంచి ముక్కలు?”

“దేవుడి తోడు, లేవు,” అంది ఓందీనా.

“ఇరుగుపొరుగువాళ్లు?”

“మా ప్రహరీ దాటి చెయ్యి పెట్టేంత ధైర్యం ఎవరికీ లేదు,” అన్నాడు లీవియో.

వేద్రానా పెన్ను బల్ల మీద పడేసింది. “ఏదో ఒకటి పోతోంది దాని నోట్లోకి. లేదంటే నా అనుమానమే తప్పు. ఒకరోజు నన్ను కూడా మీతో అడవికి రానివ్వండి. పొద్దుట్నుంచి దాన్ని వదలకుండా చూస్తాను.”

లీవియో కుర్చీలోంచి లేచాడు. ఈ పిల్ల మంచిదే. కానీ బుజెత్‌లో ట్రఫుల్ వ్యాపారి ఇంటి మేడ మీద అద్దెకుంటోంది.

“కుదరదమ్మా.”

“అయితే నా దగ్గర ఇంకో దారి లేదు. చర్మం చీము పడుతోంది, చూస్తూ ఊరుకోలేను. సోమవారం పొద్దున తీసుకురండి. మొదటి ఇంజెక్షన్ వేస్తాను.”

శనివారం లీవియో బిబాని తీసుకుని ఒక్కడే అడవికి పోయాడు. ఇదే ఆఖరేమో అనుకున్నాడు. తడి ఆకుల మధ్య బిబా తల వంచింది, తోక నిలబెట్టింది, పరిగెత్తింది. నాలుగు అంగలేసి కూలబడి కాలు కొరుక్కుంది. లేచి వాసన కోసం వెతికింది, దొరకలేదు. మళ్లీ అదే చూపు. లీవియో మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని దాని తల తన కోటు లోపల పెట్టుకున్నాడు. ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చాడు కూడా.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పుట్టగొడుగుల కూర చల్లారిపోయేదాకా చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, “రేపు నాతో అడవికి రా,” అన్నాడు.

ఓందీనా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందా? డాక్టరేమైనా చెప్పాడా?”

“నాకేం కాలేదు. దాన్ని నువ్వు కనిపెట్టుకుని ఉండాలి. నేను చూస్తే నాకేం కనబడటం లేదు.”

“రేపు ఆదివారం. చర్చి ఉంది.”

“దేవుడు వచ్చే వారం కూడా ఉంటాడు. బిబా ముక్కు ఉంటుందో లేదో తెలియదు.”

ఓందీనా గరిటె దించి, పాత బూట్లు వెతకడానికి పెరటి గదిలోకి పోయింది.

తెల్లవారుతుండగా బయల్దేరారు. లీవియో బండిని ముందు మిర్నా నది వంతెన దాటించాడు, తర్వాత పాత మిల్లు చుట్టూ తిప్పాడు, మళ్లీ వంతెన దాటించాడు.

“ఈ వంతెన ఇందాకే చూశాం,” అంది ఓందీనా.

“ఇది వేరే వంతెన.”

“దాని మీద మా తమ్ముడి పేరు రాసుంది. చిన్నప్పుడు వాడే చెక్కాడు. రెండు వంతెనల మీద చెక్కాడా?”

లీవియో చెవులు ఎర్రబడ్డాయి. ఇక తిప్పకుండా తిన్నగా పోనిచ్చాడు. బండి ఆపి, పొదల్లోంచి, వాగులోంచి నడిపించుకుపోయి, చూడ్డానికి మిగతా చెట్లలాగే ఉన్న ఒక ఓక్ చెట్టు ముందు నిలబెట్టాడు. ముప్ఫై ఏళ్ల రహస్యం.

“ఇదేనా?” అంది ఓందీనా.

“ఇదే.”

“ఇంతేనా? నేనింకా పెద్దదేదో ఉంటుందనుకున్నాను.” అయినా బెరడు మీద అరచెయ్యి పెట్టి, చర్చిలో నిలబడ్డట్టు కాసేపు నిలబడింది.

బిబా అప్పటికే చుట్టూ తిరుగుతోంది. ఆ పూట మంచు పట్టి వాసన బలంగా ఉన్నట్టుంది. రెండుసార్లు గోక్కుని కూడా వాసన వదల్లేదు. ఒకచోట ఆగి ముందుకాళ్లతో తవ్వింది. లీవియో పరిగెత్తి దాన్ని పక్కకి నెట్టి, బొరిగెతో మట్టి మెల్లగా తీసి, కోడిగుడ్డంత ట్రఫుల్ బయటికి లాగాడు. “శెభాష్ నా తల్లీ, శెభాష్!” అంటూ కోటు జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి బిబా నోట్లో పెట్టాడు. కరకరమని చప్పుడైంది.

“ఆగాగు,” అంది ఓందీనా. “ఏమిటది?”

“ఏది?”

“ఇప్పుడు దాని నోట్లో పెట్టింది.”

“ఓ, అదా. రొట్టె.”

ఓందీనా గొంతుకి చెట్టు మీది పిట్టలన్నీ లేచిపోయాయి.

“రొట్టా? గోధుమ రొట్టా? నేను కాల్చిన రొట్టా? నెల రోజుల నుంచి నేను నేల మీద పడ్డ పాస్తా ముక్కల్ని ఏరుకుంటుంటే నువ్విక్కడ దానికి రొట్టె పెడుతున్నావా?”

“అది తిండి కాదే!” లీవియోకి నిజంగానే ఆశ్చర్యమేసింది. “అది కూలి. కుక్కకి తిండి ఇంట్లో, కూలి అడవిలో అని మా నాన్న చెప్పేవాడు. డాక్టరమ్మ తిండి గురించి అడిగింది. కూలి గురించి ఎవరూ అడగలేదు.”

“కడుపుకి తెలుసా ఏది తిండో ఏది కూలో? రోజుకెంత పెడతావు?”

“చిన్న ముక్కే. ఒక్కో కాయకి ఒక్కోటి.” లీవియో గొంతు తగ్గిపోయింది. “ఈ నెలంతా అది నలతగా ఉందని, ఉషారు రావాలని... కాయ దొరక్కపోయినా పెట్టాను. రెట్టింపు పెట్టాను.”

తను ఏమన్నాడో అప్పుడతనికి వినిపించింది. బొరిగె వదిలేసి చతికిలబడ్డాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని. పాజిన్ దాకా పోయి, పలుకులు నమిలి చూసి, బస్తా తగలబెట్టి, చేసిందంతా చేసి, ధాన్యాన్ని తన జేబులోనే పెట్టుకుని తిరిగాడు. తన చేత్తోనే పెట్టాడు.

ఓందీనా కూడా పక్కనే కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆవిడకి. “రోజూ పొద్దున గట్టి రొట్టే కావాలని అడుగుతుంటే, ఈ వయసులో కూడా నా మొగుడి పళ్లు ఎంత గట్టివో అని ఊరంతా చెప్పుకున్నానయ్యా. మధ్యలో పెట్టిన ప్రషుత్ మాంసం మాత్రం ఎవరు తింటున్నారు?”

“ప్రషుత్ నేనే తింటున్నా.”

“మాంసం నీకు, ఎండు రొట్టె దానికి. పని మాత్రం అది చెయ్యాలి.”

లీవియో జేబులోంచి రొట్టె తీసి ఓందీనా చేతికిచ్చేశాడు. బిబా మధ్యాహ్నం తిండికని తెచ్చిన డబ్బాలోంచి గొర్రె మాంసం పలుకులు గుప్పెడు జేబులో వేసుకున్నాడు. ఇకనుంచి ఇదే కూలి.

బిబా కాసేపటికి ఇంకో కాయ చూపించింది. లీవియో పొగిడి, పలుకు అందించాడు. బిబా దాన్ని నోట్లోకి తీసుకుని, నేల మీద పెట్టి, అతని వైపు చూసింది. ఇది ఇంట్లో ఉత్తినే పెట్టేది కదా, అన్నట్టు. లీవియో ఇంకోటిచ్చాడు. అదీ నేల మీదే పెట్టింది. తర్వాత తోక దించుకుని పోయి, మూడో చోట తనే గబగబా తవ్వి, దొరికిన కాయని లీవియో వచ్చేలోపు నమిలి మింగేసింది.

“ఓసినీ!” అని అరిచాడు లీవియో. “ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఇలా చెయ్యలేదే!”

ఓందీనా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. “కూలి ఎగ్గొడితే మనిషైనా అంతే చేస్తాడు.” రొట్టె విప్పి మధ్యలోంచి ప్రషుత్ లాగింది. ఆవిడే తన చేత్తో ఉప్పేసి, శీతాకాలమంతా గాలికి ఆరబెట్టిన పంది తొడమాంసం. కొవ్వు తీసేసి గోరంత ముక్క చించింది. “ఇదిచ్చి చూడు.”

“అది నా పొద్దుటి తిండి!”

“దానికి కూలి లేకపోతే నీకు తిండీ లేదు. ఇవ్వవయ్యా.”

నాలుగో కాయకి బిబా ప్రషుత్ అందుకుంది. ఒక క్షణం నమ్మనట్టు కళ్లు చికిలించింది. ఆ తర్వాత దాని తోక ఊగిన ఊపుకి ఒళ్లంతా ఊగింది. లీవియో కాళ్ల మీద నుంచి దూకి, మళ్లీ అడవి మీద పడింది. ఇంతకాలం వట్టి రొట్టెకే అంత పని చేసిందా ఈ పిచ్చిది, అనుకుంటే లీవియోకి గుండె బరువెక్కింది. దుంగ మీద కూర్చుని, ప్రషుత్ పోగా మిగిలిన ఎండు రొట్టె కొరికాడు. పన్ను కలుక్కుమంది.

సోమవారం పొద్దున వేద్రానా ఇంజెక్షన్ సిద్ధం చేసి పెట్టుకుంది. లీవియో టోపీ చేతుల్లో నలుపుకుంటూ జరిగింది చెప్పాడు. ఆ పిల్ల ముందు కోప్పడింది, తర్వాత బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. తనే ఆ ప్రశ్న అడిగుండాల్సింది అంది. ప్రస్తుతానికి ఇంజెక్షన్ వద్దు, చీముకి మాత్రం పూత మందిస్తాను, రెండు నెలల లెక్క మళ్లీ మొదటి నుంచి అంది. ప్రషుత్‌లో ఉప్పెక్కువ, నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి గోరంతే పెట్టాలి, అంతకు మించితే ఊరుకోను అని వేలు చూపించింది. ఆ నానబెట్టడం, ఆరబెట్టడం ఓందీనా పనైంది. వేటకెళ్లే రోజుల్లో ఆవిడా వెళ్లేది, మోకాళ్లు నొప్పి పెట్టనప్పుడు.

మొదట చెవులు గోక్కోవడం మానింది. తర్వాత చంకల్లో మెత్తటి నల్ల నూగు వచ్చింది. నవంబరు చివర ఒక పొగమంచు పొద్దున బిబా వాగు గట్టున వాసన పట్టి, రాళ్లెక్కి, ముళ్లపొద దూరి, ఒక్కసారి కూడా ఆగకుండా ఓక్ చెట్టు అవతలి వైపుకి పోయి తవ్వడం మొదలుపెట్టింది. లీవియో పిడికిలంత కాయని మట్టిలోంచి తీశాడు. కాయ వైపు చూడలేదతను. బిబా ముక్కు పట్టుకుని, ఆ తడి ముక్కు మీద, మట్టితో సహా, ముద్దు పెట్టుకున్నాడు.

డిసెంబరులో ఇంట్లో పందిని కోశారు. సాసేజీలు చేసే పనికి జ్వానే వచ్చాడు. ముగ్గురూ వంటింట్లో మాంసం తరుగుతున్నారు. బిబా బల్ల కింద ప్రశాంతంగా పడుకుంది. జ్వానే దాని వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

“అక్కా, ఆమధ్య ఒక ఆదివారం నువ్వు చర్చికి రాలేదంట కదా. బావ బండిలో కనిపించావని ఎవరో అన్నారు.”

“అవున్రా. అడవికెళ్లాం.”

లీవియో చేతిలో కత్తి ఆగిపోయింది. అయిపోయింది అనుకున్నాడు. అయినా అతనికి పశ్చాత్తాపం కలగలేదు. పోతే చెట్టు పోనీ, బిబా ముక్కు దక్కింది.

“అడవికా! బావా నువ్వూనా! ఏం చూశావక్కా?” జ్వానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“అంతా చెప్తా విను. బిబాకి గోధుమ పడదు. పాజిన్‌లో లొరెదానా అని ఉంది, ఆవిడ దగ్గర ధాన్యం లేని బస్తా దొరుకుతుంది. గొర్రె మాంసం, బంగాళదుంపా ఉన్నదే తీసుకో. బఠాణీలున్నది తీసుకోకు. నీ కుక్కలకి ఎప్పుడైనా దురదొస్తే జేబులో ఏముందో ముందు చూసుకో. పాత బస్తా చూసి మోసపోయావు గానీ అందులో ఉన్నది కొత్త తిండిరా.” ఓందీనా వెల్లుల్లి దంచుతూ అన్నీ చెప్పేసింది, ప్రషుత్ నానబెట్టే సంగతితో సహా. లీవియో కళ్లు మూసుకున్నాడు.

“మరి చోటు?”

“ఏ చోటు?”

“అదే, బావ చెట్టు. ఎటువైపు?”

ఓందీనా రోలులోంచి తల ఎత్తలేదు. “అటువైపు,” అంది.

“అక్కా! నేను నీ తమ్ముణ్ణి!”

“అందుకే కదరా కుక్క తిండి గురించి ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. వెళ్లు, పెరట్లోంచి ఉప్పు బస్తా పట్టుకురా.”

జ్వానే గొణుక్కుంటూ లేచాడు. లీవియో భార్య వైపు చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్లు ఎవరి దగ్గర దాచాడో ఆ మనిషి ఇదిగో, ముక్కు మీద వెల్లుల్లి పొట్టు అంటుకుని, ఏమీ జరగనట్టు దంచుకుంటోంది. సిగ్గేసింది అతనికి. ఆ సిగ్గు కంటే ప్రేమ ఎక్కువగా వచ్చింది. బల్ల చుట్టూ తిరిగి ఆవిడ పక్కకెళ్లి నిలబడ్డాడు.

“ఓందీనా, నీకు చెప్పలేదు గానీ, ఇంకో చెట్టుంది. దీనికంటే మంచిది. నది దాటి, ఆ పాడుబడ్డ...”

మసాలా చెయ్యి వచ్చి అతని నోటిని గట్టిగా మూసేసింది.

“ష్! నోరు మూసుకోవయ్యా,” అని గుసగుసగా కసిరింది ఓందీనా. “మా తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు.”